పగిలిన పిస్టను చెప్పు చరిత్ర

డీజిలు ఇంజను కట్టిన రైలుబండి స్టేషను విడిచి కదులునప్పుడు ఇంజను పైభాగమునుండి గుప్పుమని నల్లని పొగ లేచుటయు, కొన్ని క్షణములకు సన్నని ఈల వంటి ధ్వని హెచ్చి ఆ పొగ పలుచబడుటయు మన శ్రోతలలో చాలమంది చూచియే యుందురు. 1964 నుండి వారణాసిలో తయారై, మన కాజీపేట, గుత్తి షెడ్లలో దశాబ్దములపాటు మరమ్మతులు పొందిన డబ్ల్యు.డి.ఎం.-2 రకపు ఇంజనులకు అది పుట్టుకతో వచ్చిన లక్షణము. డ్రైవరు పిడి త్రిప్పగానే ఇంధనము ముందు వచ్చును. దానికి సరిపడు గాలి వెనుక వచ్చును. ఆ నడిమి వ్యవధిలో సగము కాలిన ఇంధనమే ఆ నల్లని పొగ. ఆలస్యముగా వచ్చు ఆ గాలిని లోనికి నెట్టు యంత్రము పేరే టర్బోచార్జరు. మా ఈ ప్రసంగము దాని చరిత్రను గూర్చి. విశేషించి, దానివలన పగిలిన ఇంజనులను గూర్చి.

ఇంజనులో పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు పొగగొట్టముగుండా వృథాగా పోవును. ఆ పోవు వాయువును ఒక చిన్న చక్రముపైకి మళ్లించినచో చక్రము తిరుగును. అదే ఇరుసు రెండవ కొనకు మరియొక చక్రము బిగించినచో అది బయటి గాలిని ఒత్తి సిలిండరులోనికి పంపును. గాలి హెచ్చినచో ఇంధనమును గూడ హెచ్చుగా కాల్చవచ్చును. ఇంజను పరిమాణము పెరుగకయే శక్తి పెరుగును. చెప్పుటకు ఇంత సులభము. ఈ సులభత్వమే ఎందరినో మోసగించినది.

అమెరికా, ఐరోపా ఖండములలో తమ ఇంటి షెడ్డులో తామే కారుకు టర్బోచార్జరు బిగించుకొను ఔత్సాహికులు పెక్కుమంది కలరు. వారి కథ తరచు ఒక్క తీరుననే నడచును. పాతసామాను అంగడిలో ఒక టర్బో చౌకగా దొరకును. కొన్ని సెలవు దినములు శ్రమపడి గొట్టములు అతికి బిగింతురు. మొదటినాడు కారు బాణమువలె దూసుకొనిపోవును. సంతోషము పట్టలేక మరికొంత ఒత్తిడి పెంచుదురు. ఒకనాడు ఎత్తైన రోడ్డు ఎక్కుచుండగా, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టి చప్పుడు, పిదప నీలిపొగ, పిదప నిశ్శబ్దము. ఇంజను దించి విప్పి చూడగా పిస్టనుమీద రింగులకు నడుమనుండు సన్నని గట్టు విరిగి యుండును. క్రొత్త పిస్టను వేసి ఇంజను తిరిగి కట్టుదురు. కొన్ని నెలలకు అదే చోట, అదే విధముగా, మరల విరుగును.

ఈ రెండవసారి విరుగుటయే మాకు ఆలోచింపదగిన విషయముగా తోచినది. మొదటిసారి విరుగుటకు తెలియనితనము కారణము. రెండవసారి విరుగుటకు, విరిగిన వస్తువును అడుగవలసిన ప్రశ్న అడుగకపోవుట కారణము. ఆ చిన్న షెడ్డులో జరిగిన తప్పులలో అనేకములను పూర్వము పెద్ద పెద్ద కర్మాగారములే చేసినవి. మూల్యము చెల్లించి పాఠము నేర్చుకొన్నవి.

ఈ యంత్రమును ఊహించినవాడు స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి. ఆయన 1905లో దీనికై పేటెంటు కోరినాడు. వింటర్‌తూర్ నగరమునందలి సుల్జరు కర్మాగారములో ఆయన చేసిన తొలి ప్రయోగములు ఆశించిన ఫలము నీయలేదు. ఊహ పుట్టిన ఇరువది సంవత్సరములకు, 1925లో గాని సంపూర్ణ విజయము లభింపలేదు. ఈలోగా ఆయన నేర్చుకొన్నది ఏమనగా, సిలిండర్ల పొగ నంతటిని ఒక్క గొట్టములో కలిపినచో ఒకదాని వాయువు మరియొకదానికి అడ్డు తగులునని. గొట్టములను వేరుచేసి, క్రొత్త గాలితో సిలిండరును కడుగు ఏర్పాటు చేసిన పిమ్మట శక్తి నూటికి నలువది పాళ్లకు మించి పెరిగినది. 1920 దశకములో ‘ప్రాయిసెన్’, ‘హన్సెస్టాట్ డాంట్సిగ్’ అను రెండు జర్మను ప్రయాణికుల ఓడలలో, 1,750 అశ్వశక్తుల డీజిలు ఇంజనులు ఈ పద్ధతివలన 2,500 అశ్వశక్తుల నిచ్చినవి.

ఇంతలో విమానములకు వేరొక అవసరము కలిగినది. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును, ఇంజను నీరసించును. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమానపు ఇంజనును వాహనముమీద కెక్కించి, కొలరాడో రాష్ట్రములోని పైక్స్ పీక్ అను 14,109 అడుగుల పర్వతశిఖరమునకు చేర్చినాడు. నేలమీద 350 అశ్వశక్తుల నిచ్చు ఆ ఇంజను శిఖరముపై 230 మాత్రమే ఇచ్చినది. టర్బో తగిలించిన వెంటనే 356 ఇచ్చినది.

ఈ రెండు విజయములను చూచినవారికి, కారుకు మాత్రము టర్బో బిగించుట యేమంత కష్టమను భావము కలుగుట సహజము. కాని ఇక్కడ రెండు భేదములు గమనింపవలెను. డీజిలు ఇంజను మొదట గాలిని మాత్రమే కుదించును. ఇంధనము చివర వచ్చును. పెట్రోలు ఇంజను గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి కుదించును. ఇక మాస్ శిఖరముమీద చేసిన పని, కొండ హరించిన గాలిని ఇంజనుకు తిరిగి ఇచ్చుట మాత్రమే. షెడ్డులోని ఔత్సాహికుడు నేలమీద నిలిచి, నేలమీద సహజముగా లభింపని ఒత్తిడిని కోరుచున్నాడు. కుదింపు మితిమీరినప్పుడు స్పార్కుప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమము తనంత తానే భగ్గుమనును. ఆ గులకరాళ్ల చప్పుడు అదియే. దీనినే నాకింగు అందురు. ఇంజను ఎంత కుదింపునకు ఓర్చునో నిర్ణయించునది ఇంధనపు గుణమే యని బ్రిటిషు ఇంజనీరు హ్యారీ రికార్డో 1919 ప్రాంతమున, కుదింపును ఇష్టమువచ్చినట్లు మార్చదగిన ఒక ప్రత్యేకపు ఇంజనును కట్టి నిరూపించినాడు.

ఈ పాఠము తెలిసియు తడబడినవారు కలరు. 1962లో జనరల్ మోటార్స్ సంస్థ రెండు టర్బో కార్లను విడుదల చేసినది. షెవ్రొలే కార్‌వేరు ఇంజనులో కుదింపు నిష్పత్తిని 8కి తగ్గించి 150 అశ్వశక్తులతో తృప్తిపడినారు. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైరులో 10.25 నిష్పత్తిని అట్లే ఉంచి, 215 ఘనపు అంగుళముల ఇంజనునుండి 215 అశ్వశక్తులు రాబట్టినారు. నాకింగు రాకుండ పరిశుద్ధ జలమును, మెథనాలును కలిపిన ఒక ద్రవమును ఇంజనులోనికి చిమ్మించినారు. ఉపాయము శాస్త్రసమ్మతమే. కాని ఆ ద్రవపు తొట్టిని కారు యజమాని మరువక నింపుచుండవలెను. యజమానులు మరచినారు! తొట్టి ఎండినప్పుడు ఇంజనును రక్షించుటకై టర్బో ఒత్తిడిని తగ్గించు ఏర్పాటుండుటచే, కారు బలహీనమైనదని వారు ఫిర్యాదు చేసినారు. ఎన్నో కార్లకు తుదకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగింపవలసి వచ్చినది. జెట్‌ఫైరు 1963తో ముగిసినది. తక్కువ ఆశించిన కార్‌వేరు టర్బో 1966 వరకు నడచినది. మనుష్యుని జ్ఞాపకశక్తిమీద ఆధారపడిన రక్షణ రక్షణ కాదని ఆ తొట్టి నేర్పినది.

ఓటమిని సరిగా చదువుకొన్నవారి కథయు ఒకటి కలదు. ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ 1977లో ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజనుతో బ్రిటిషు గ్రాండ్ ప్రి పందెమునకు వచ్చినది. పందెము ముగియకముందే కారు నిలిచిపోయినది. తరువాతి పందెములలోను పొగలు చిమ్ముచు ఆగుచుండుటచే, పసుపు రంగు గల ఆ కారును ‘పచ్చని టీ కెటిలు’ అని నవ్వినారు. రెండు సంవత్సరములు వారు ఇంజనులను విప్పుచు, కట్టుచు గడపినారు. ఒక పెద్ద టర్బోకు బదులు రెండు చిన్నవి అమర్చినారు. 1979 జూలైలో డిజో పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రిలో రెనో కారే గెలిచినది.

స్వీడను దేశపు సాబ్ సంస్థయు 1977లోనే తన 99 టర్బో కారును ప్రదర్శించినది. వారు కుదింపు నిష్పత్తిని 7.2కు దించినారు, నిత్యము నడుపు వేగములోనే పనిచేయునట్లు చిన్న టర్బోను ఎన్నుకొన్నారు, ఒత్తిడి మీరినప్పుడు వాయువును ప్రక్కకు విడుచు తలుపును పెట్టినారు. 1980 దశకారంభమున మరియొక అడుగు వేసి, నాకింగు చప్పుడును కనిపెట్టు సాధనమును ఇంజనుకే అతికించినారు. అది చప్పుడు విన్నంతనే టర్బో ఒత్తిడి తగ్గును. యజమాని మరచినను ఇంజను మరువదు.

ఇప్పుడు మరల ఆ షెడ్డులోనికి పోదము. ఇంజను విప్పినవాడు మొట్టమొదట కిరసనాయిలు డబ్బా తీయరాదు. కడిగిన పిస్టను సాక్ష్యము చెప్పదు. ఏ పిస్టను ఏ సిలిండరులోనిదో అంకె వేసి వరుసగా పేర్చవలెను. అన్నియు ఒకే తీరున దెబ్బతినియున్నచో తప్పు అన్నింటికి ఉమ్మడియైన దానిలో నున్నది: ఒత్తిడి మితిమీరియుండవచ్చును, స్పార్కు తొందరపడి యుండవచ్చును, పెట్రోలు చాలకపోయి యుండవచ్చును. ఒక్కటే దెబ్బతిన్నచో ఆ ఒక్క సిలిండరునకు చేరు పెట్రోలును, దాని గాలి గొట్టపు అతుకులను పరీక్షింపవలెను. స్పార్కుప్లగ్గు పింగాణీమీద సన్నని మెరుపు చుక్కలున్నచో అవి కరిగిన పిస్టను తునుకలే. సాధారణముగా 1 పాలు పెట్రోలు కాలుటకు 14.7 పాళ్ల గాలి కావలెను. టర్బో ఒత్తిడిలో 12 పాళ్లకు సమీపముగా, అనగా పెట్రోలు హెచ్చుగా, ఉంచుట మేలు. ఆ హెచ్చు పెట్రోలు ఆవిరియగుచు వేడిని కొంత తగ్గించును.

రింగుల సంగతి మరింత సూక్ష్మము. టర్బో ఇంజనులో రింగు హెచ్చుగా వేడెక్కి వ్యాకోచించును. మామూలు ఇంజనుకు చెప్పిన సందునే విడిచినచో రింగు కొనలు రెండును ఒరసికొని, సిలిండరులో బిగిసి, పిస్టను గట్టును విరుచును. పుస్తకములోని కొలత ప్రకారమే కట్టితిననువాని ఇంజను మరల విరుగుటకు ఇది యొక కారణము. ఆ పుస్తకము టర్బో లేని ఇంజనుకు వ్రాసినది! టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగవచ్చును. అది సన్నని ఆయిలు పొరమీద తేలుచుండును. ఎత్తు ఎక్కి వచ్చిన కారును వెంటనే ఆపినచో ఆయిలు ప్రవాహము నిలిచి, ఎర్రగా కాలిన బేరింగులో మిగిలినది మాడి బొగ్గగును. ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా నడువనిచ్చి ఆపినచో ఆ నష్టము తప్పును.

వినికిడిని నమ్ముకొని బ్రదుకు వృత్తి మాది. కావున ఈ చరిత్రలో మా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది సాబ్ వారి చెవియే. గులకరాళ్ల చప్పుడు ఆనాడు ఆ ఔత్సాహికునికి గూడ వినబడినది. ఎత్తు ముగియు వరకు మాత్రమే గదా యని అతడు కాలు తీయలేదు. ఇంజను తిరిగి కట్టువారికి మేము చెప్పదలచినది ఒక్కటే. విరిగిన పిస్టనును పారవేయకుడు. కాగితము చుట్టి, ఏనాడు, ఎంత ఒత్తిడిలో, ఏ చప్పుడు తరువాత విరిగినదో దానిమీద వ్రాసి, షెడ్డులో కంటికి కనబడు బల్లమీద నుంచుడు. మరల ఒత్తిడి పెంచబోవు దినమున ముందుగా ఆ కాగితము చదువుడు.