ఆవిరి మింగే ఇంజన్లు

పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోయే బకింగ్‌హాం కాలువ పేరు మీరు వినే ఉంటారు. దానికి పేరిచ్చిన దొర ఇంగ్లండ్‌లో తన ఎస్టేటుకు ఓ బుల్లి రైలుదారి వేసుకున్నాడట. లండన్ నేలకింద తిరిగిన ఆవిరింజన్లు కొన్ని ముసలితనం గడిపింది ఆ దారిమీదే. మొన్న ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకిదే ధ్యాస.

1863 జనవరి 10న లండన్‌లో భూగర్భ రైలు మొదలైంది. కరెంటు బండి ఇంకా వాడకంలోకి రాలేదు. సొరంగంలోనూ నిప్పూ, ఆవిరే. మరుసటేడు మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 18 ఇంజన్లు చేసిచ్చింది. మామూలు ఇంజను వాడేసిన ఆవిరిని భుస్సుమని పైకి వదిలేస్తుంది. ఇవి మాత్రం సొరంగంలో ఆ ఆవిరిని గొట్టాల గుండా పక్కనున్న నీళ్ల ట్యాంకుల్లోకి మళ్లించేవి. ఉడికే అన్నం మీది మూతకు లోపల చుక్కలు పట్టినట్టే, చల్లనీళ్లు తగిలి ఆవిరి నీరయ్యేది. ట్యాంకు వేడెక్కితే మింగుడు మందగించేది. ఇక పొగంటారా, అది ఎవరికీ మింగుడుపడలేదు.

వాటి పేర్లు చూడండి: జూపిటర్, మార్స్, మెర్క్యురీ. మన గురుడు, కుజుడు, బుధుడే! ప్లూటో పాతాళానికి రాజు, సెర్బెరస్ ఆ గుమ్మం కాసే కుక్క. పెట్టినవాడు ముసిముసిగా నవ్వుకునే పెట్టుంటాడు. ఆ రకంలోనే తర్వాత వచ్చిన ఇంజన్లకు ఒట్టి నంబర్లే. ఆ పిసినారితనం నాకిప్పటికీ నచ్చదు.

1905లో సొరంగంలోకి కరెంటు రావడంతో వీటి పని అయిపోయింది. కొన్నే మిగిలి, బ్రిల్ అనే పల్లెకు పోయే దారికి చేరాయి. 1871లో బకింగ్‌హాం డ్యూక్ వేయించిన దారి అదే. మొదట్లో బళ్లను గుర్రాలు లాగేవి. 1875లో ఆయన మద్రాసు గవర్నరుగా వచ్చాడు, మరుసటేడే ధాత కరువు పడింది. తెగిపోయి ఉన్న కాలువ ముక్కలను కరువుపనుల్లో కలిపించారు. తవ్వినవాళ్ల పేర్లు నాకెక్కడా కనిపించలేదు. మా మెదక్ చర్చిని కూడా పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి కట్టించాడు. అది 1924లో పూర్తయింది.

ఇక మా మెదక్ రైలు సంగతికొస్తే, నిజాం కాలపు సికింద్రాబాద్-మన్మాడ్ లైను అక్కన్నపేట మీదుగానే పోయింది. అక్కడి నుంచి మా ఊరికి 17 కిలోమీటర్లే. ఆ 17 కిలోమీటర్లు దాటి మా ఊరికి రైలు వచ్చింది మాత్రం 2022 సెప్టెంబరు 23న. అంటే మా స్టేషన్ బొగ్గింజను మొహమే చూడలేదు.

బ్రిల్ దారి 1935లో మూతపడింది. అక్కడ పనిచేసిన ఇంజనొకటి, 1866లో పుట్టింది, 1948 దాకా ఏదో పని చేస్తూనే ఉండి ఇప్పుడు లండన్ రవాణా మ్యూజియంలో ఉంది. దానికీ పేరు లేదు, 23 అంటారు.