ఇంద్రపురం ఎక్కడ? రాగిరేకులు విప్పిన చిక్కుముడి

పదకొండు అశ్వమేధాలు చేసిన రాజుగా శాసనాలు పొగిడిన మాధవవర్మది విష్ణుకుండిన వంశం. క్రీస్తుశకం ఐదు, ఆరు శతాబ్దాల్లో తెలుగు నేలలో చాలా భాగం ఆ వంశం చేతిలో ఉంది. మరి వాళ్ల రాజధాని ఏది? ఈ ప్రశ్నకు నికరమైన జవాబు దొరకడానికి చరిత్రకారులకు దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. అంతకాలం అందరూ కోస్తా వైపే చూశారు. జాడ మాత్రం నల్లగొండ మెట్టనేలలో, మూసీకి దాపున, తుమ్మలగూడెంలో బయటపడింది.

రాజధానులు మారడం లోకంలో కొత్త కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం 1803లో చిల్లికోతీతో మొదలుపెట్టి, 1810లో జేన్స్‌విల్‌కు వెళ్లి, 1812లో మళ్లీ చిల్లికోతీకే వచ్చి, చివరికి 1816లో కొలంబస్‌లో స్థిరపడింది. జార్జియా రాష్ట్రానికి 1868లో అట్లాంటా దక్కేదాకా మిలెడ్జ్‌విల్ రాజధాని. అక్కడ ప్రతి మార్పుకూ రాతపూర్వకమైన నిర్ణయం ఉంది, తేదీ ఉంది. విష్ణుకుండినుల విషయంలో మనకు మిగిలింది గుప్పెడు రాగిరేకులు, కొన్ని నాణేలు, రాతి మీద కొన్ని అక్షరాలు. వాటితోనే లెక్క తేల్చాలి.

మొదటి ఆధారం: పేరు

19వ శతాబ్ది చివర చిక్కుళ్ల శాసనాన్ని పరిష్కరించిన జర్మన్ పండితుడు కీల్‌హార్న్, వంశం పేరు వినుకొండ ఊరి పేరులో మిగిలి ఉంటుందని సూచించాడు. ఈ రాజులు తమను శ్రీపర్వతస్వామి భక్తులుగా చెప్పుకున్నారు. శ్రీపర్వతమంటే శ్రీశైలమని చాలామంది పండితుల మాట. వినుకొండ శ్రీశైలానికి తూర్పున ఉంది కాబట్టి ఊహ నప్పినట్టే కనిపించింది. కానీ ఇంటిపేరులో ఉన్న ఊరు పూర్వీకులు ఎక్కడివారో చెబుతుంది తప్ప, మనవలు ఎక్కడ కొలువుదీరారో చెప్పదు. ఈ ఆధారం రాజధాని దాకా తీసుకెళ్లలేదు.

రెండో ఆధారం: లెందులూర

చిక్కుళ్ల రేకులు అప్పటి గోదావరి జిల్లా తుని ప్రాంతంలో దొరికాయి. రెండో విక్రమేంద్రవర్మ తన పదో పాలనా సంవత్సరంలో లెందులూర నుంచి ఈ దానం ఇచ్చాడు. లెందులూర అంటే ఏలూరు దగ్గరి దెందులూరు. రేకులు దొరికింది కోస్తాలో, జారీ అయింది కోస్తాలో. ఇంకేం, రాజధాని దెందులూరే అనుకున్నారు.

అయితే అదే శాసనంలో మరో సంగతి ఉంది. దానంగా ఇచ్చిన రేగొన్రం అనే ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. ఊరు కృష్ణ దగ్గర, రాజు ఏలూరు దగ్గర, రేకులు తుని దగ్గర. ఈ మూడు చోట్లూ ఒకదానికొకటి ఎంత దూరమో చూడండి. రాగిరేకు రాజు దగ్గర ఉండిపోయేది కాదు. అది దానం పట్టినవాడి చేతికి వెళ్లే పట్టా. పట్టా ఎక్కడ బయటపడిందన్న దాన్నిబట్టి పట్టా ఇచ్చినవాడి ఇల్లు చెప్పలేం. ఈ సూత్రం మనసులో పెట్టుకుంటేనే ముడి విడుతుంది.

మూడో ఆధారం: అమరపురం

గుంటూరు జిల్లా ఈపూరులో దొరికిన రెండు శాసనాల్లో ఒకటి అమరపురం నుంచి జారీ అయింది. అమరపురమంటే అమరావతి అని కొందరన్నారు. కాదు, పూర్వపు పాలమూరు జిల్లాలో నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ అని మరికొందరన్నారు. పేరును మాత్రమే పట్టుకుని వెళ్తే రెండూ కుదురుతాయి. అంటే ఈ ఆధారం ఒక్కటే తీర్పు చెప్పలేదు. కాకపోతే చూపును మొదటిసారి పడమటి మెట్టసీమ వైపు తిప్పింది.

నాలుగో ఆధారం: వియ్యం

చిక్కుళ్ల శాసనం మాధవవర్మ కొడుకు మొదటి విక్రమేంద్రవర్మను విష్ణుకుండి, వాకాట వంశాలు రెంటికీ అలంకారమైనవాడని వర్ణించింది. అంటే ఆయన తల్లి వాకాటక రాజకుమార్తె. వాకాటకులు విదర్భ ఏలికలు. విదర్భకు దక్షిణపు పొరుగు తెలంగాణ. అంత పెద్ద రాచకుటుంబంతో వియ్యమందే నాటికి విష్ణుకుండినుల బలం ఎక్కడో తూర్పు తీరంలో కాక, ఈ పొరుగుసీమలో ఉండి ఉండాలనుకోవడమే సబబు.

ఐదో ఆధారం: తుమ్మలగూడెం రేకులు

రామన్నపేట దగ్గరి తుమ్మలగూడేనికి ఇంద్రపాలనగరమని కూడా పేరు. ఇదివరకు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద పాత కోట ఆనవాళ్లు. ఇక్కడ దొరికిన రెండు రాగిశాసనాలను వలిగొండకు చెందిన చరిత్రకారుడు బి.ఎన్. శాస్త్రి 1965లో భారతి పత్రిక ద్వారా లోకానికి తెలిపారు.

మొదటి శాసనం గోవిందవర్మది. ఆయన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన బౌద్ధ విహారానికి ఎణ్మదల, పెణ్కపఱు అనే రెండు ఊళ్లను తన 37వ పాలనా సంవత్సరంలో, వైశాఖ పున్నమినాడు రాసిచ్చాడు. అది బుద్ధ పూర్ణిమ. తండ్రి మాధవవర్మ (అశ్వమేధాల మాధవవర్మకు తాత), తాత ఇంద్రవర్మ అని ఇందులో వంశక్రమం ఉంది.

రెండోది ఆయన వంశంలో నాలుగో తరం రాజైన రెండో విక్రమేంద్రవర్మది. పల్లవ సింహుణ్ణి ఓడించాక, శక్రపురంలో ఉండి, ఇంద్రపురంలోని అదే రాణి మహావిహారానికి ఇఱుందెర అనే ఊరిని ఇచ్చాడు. శక్రుడన్నా ఇంద్రుడే కాబట్టి రెండు పేర్లూ ఒకే నగరానివి. ఇందులో శకవర్షం 488 అని స్పష్టంగా ఉంది, అంటే క్రీస్తుశకం 566. అప్పటిదాకా ఈ వంశపు కాలాన్ని అంచనాల మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ వచ్చారు. ఈ ఒక్క అంకెతో రాజుల వరుస మొత్తం ఒక మేకుకు కట్టినట్టు నిలిచింది.

ఇప్పుడు పట్టా సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. రేకు దానం పట్టినవారి దగ్గర ఉంటుంది. ఇక్కడ దానం పట్టింది వ్యక్తి కాదు, కదలని కట్టడం. ఆ విహారం ఉన్నది ఇంద్రపురంలో. తరాల తేడాతో ఇచ్చిన రెండు శాసనాలూ ఒకే ఊళ్లో దొరికాయి. ఆ ఊరికి నేటికీ ఇంద్రుడి పేరే ఉంది. కాబట్టి ఇంద్రపురం తుమ్మలగూడెమే. కోస్తా రేకులు ఇవ్వలేని సాక్ష్యం ఇది.

ఆరో ఆధారం: మూసీ ఎగువన

హైదరాబాద్ చైతన్యపురి దగ్గర, మూసీ ఒడ్డున, ఒక బండ మీద ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన వస్తుంది. హైదరాబాద్‌కు ఈశాన్యాన ఉన్న కీసరగుట్టలో తవ్వితే ఇటుక కట్టడాలతో పాటు విష్ణుకుండినుల నాణేలు దొరికాయి. ఈ నాణేల మీద ఒకవైపు సింహం, మరోవైపు దీపస్తంభాల నడుమ శంఖం. తుమ్మలగూడెం ఒంటరి స్థలం కాదని, ఈ సీమంతటా ఆ రాజుల ముద్ర ఉందని ఇవి చెబుతున్నాయి.

మరి దెందులూరు మాటేమిటి?

ఇక్కడే అసలైన అభ్యంతరం. రెండో విక్రమేంద్రవర్మ పదో ఏట లెందులూరలో ఉన్నాడు. తుమ్మలగూడెం శాసనం నాటికి ఆయన పదకొండో ఏట శక్రపురంలో ఉన్నాడు. ఏడాది తిరక్కుండా రాజధాని మారిందా? మారలేదు. ఆ కాలపు శాసనాలు చెప్పే వాసకం, రాజు ఆ రోజు బస చేసిన చోటు. యుద్ధానికీ సుంకాలకూ తీర్థానికీ రాజు తిరుగుతూనే ఉంటాడు. అందుకే ఒక్క శాసనం జారీ అయిన ఊరిని రాజధాని అనేయడం తొందరపాటు. తూర్పున వేంగి సీమను చూసుకోవడానికి దెందులూరు అనువైన మజిలీ. ఇంద్రపురంలో ఉన్నది మజిలీ కాదు. వంశ మూలపురుషుడు ఇంద్రవర్మ పేరు ఆ నగరానికి ఉంది. రాణి కట్టించిన మహావిహారం ఉంది. గోవిందవర్మా, ఆయన నుంచి నాలుగో తరం రాజూ అదే విహారానికి ఊళ్లు ఇచ్చారు. తరతరాలు తిరిగివచ్చిన చోటే రాచకుటుంబపు సొంత ఊరు. ఆధారాల తూకం ఇంద్రపాలనగరం వైపే మొగ్గుతోంది.

ఈ సీమకు రాజధానులు తర్వాతా కొదవ లేదు. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు కందూరు చోడుల కొలువు. ఆ వంశపు ఉదయన చోడుడి పేరుతో ఉదయసముద్రం చెరువు ఇప్పటికీ నీళ్లతో ఉంది. రేచర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండల నుంచి ఏలారు. అయినా తెలంగాణ మెట్టసీమ అనగానే ఎవరో ఏలిన ప్రాంతమన్నట్టు మాట్లాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. విష్ణుకుండినులు ఇక్కడి నుంచే కృష్ణా గోదావరుల నడుమ నేలను ఏలారని ఈ రాగిరేకులు సూచిస్తున్నాయి.

ఆ రేకులు ఎవరూ కరిగించకుండా చేతికందాయి కాబట్టే ఇంత తెలిసింది. పునాదులు తీసేటప్పుడో, నాగలికి తగిలో పాత రాగిరేకు, చెక్కిన రాయి, నాణేల కుండ బయటపడితే దాన్ని కంసాలి దగ్గరికి పంపకండి, కడిగి తోమకండి. తహసీల్దారుకు గానీ పురావస్తు శాఖకు గానీ చెప్పండి, దొరికిన చోటును గుర్తు పెట్టండి. వస్తువు ఎంత ముఖ్యమో, అది ఎక్కడ దొరికిందన్నదీ అంతే ముఖ్యమన్నది తుమ్మలగూడెం మనకు నేర్పిన పాఠం.