పాటల నిల్వ చరిత్ర: చోటు చాలనప్పుడు ఏం చేశాం?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పాటను నిల్వచేసే సాధనాలు మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
- తరలించడం, కుదించడం, చెరపడం మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- మీ దగ్గర ఉన్న పాటల్లో ఏవి చారిత్రక ఆధారాలో నిర్ణయించగలుగుతారు.

ప్రస్తావన

మీరు నిడమనూరులో ఉన్నా, కోదాడలో ఉన్నా ఈ అనుభవం మీకు కొత్త కాదు. పాటలు ఎక్కిస్తూ ఉండగా కంప్యూటర్‌లో ఖాళీ లేదన్న హెచ్చరిక వస్తుంది. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? కంప్యూటర్లు రాక ముందు నుంచీ ఉన్న ప్రశ్నే ఇది. చోటు చాలనప్పుడు మనుషులు మూడు పనులు చేశారు: పాటను మరో చోటికి తరలించారు, కుదించారు, లేదా చెరిపేశారు. ఈ మూడింటి ఫలితాలు ఒకటి కావు.

కంఠం నుంచి రికార్డుకు

పాటకు తొలి నిల్వ మనిషి జ్ఞాపకమే. తెలంగాణలో ఒగ్గు కథ, శారద కథ చెప్పే కళాకారులు గంటల తరబడి సాగే గానాన్ని పెద్దల నోట విని నేర్చుకున్నారు. 1946-51 నాటి రైతాంగ సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెల పాటలు కూడా నోటి మాటగానే ఊరూరా తిరిగాయి. పాడేవాళ్లు లేకపోతే అలాంటి పాట మిగలదు. నిజాం పాలనపై బండి యాదగిరి కట్టిన పాటను 1979 నాటి 'మా భూమి' చిత్రంలో గద్దర్ పాడారు. అలా ఆ పాట కంఠం నుంచి ఫిల్ముకు తరలింది. ఆ పోరాటాన్ని చూడని తరాలకూ చేరింది.

మన దేశంలో వ్యాపార స్థాయి గ్రామఫోన్ రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. పది అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందుకని గాయకులు ఆలాపన తగ్గించి, పాటను కత్తిరించి పాడవలసి వచ్చింది. కాబట్టి పాత రికార్డు విన్నప్పుడు, కచేరీలోనూ ఆ పాట అంతసేపే పాడేవారని అనుకోకండి. ఆ కొలత గాయకుడు ఎంచుకున్నది కాదు, రికార్డు పెట్టిన హద్దు.

ఆ రికార్డులకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. దాన్ని ఎక్కువగా మన దేశమే ఎగుమతి చేసేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా లక్క వాడకంపై ఆంక్షలు పెట్టింది. కొత్త రికార్డుల కోసం పాత రికార్డులను సేకరించి ముడిసరుకుగా మార్చారు. అంటే కొత్త పాటకు చోటిచ్చేందుకు పాత పాటను కరిగించారు.

టేపు, క్యాసెట్

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్ సామాన్యుడి చేతికి రికార్డు చేసే శక్తినిచ్చింది. అయితే అదే క్యాసెట్‌పై మరో పాట ఎక్కిస్తే పాతది పోయేది. క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే దానిపై మళ్లీ రికార్డు కాదు. ఇది తెలిసినవారు తమకు ముఖ్యమైన క్యాసెట్లను అలా కాపాడుకున్నారు. పెద్ద సంస్థలూ ఇలాంటి పొరపాటుకు అతీతం కావు. 1969 నాటి అపోలో 11 చంద్రయాత్ర మూల టేపులను టేపుల కొరత వల్ల చెరిపి మళ్లీ వాడి ఉంటారని 2009లో నాసా తేల్చింది.

అంకెల్లో పాట

1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ధ్వనిని అంకెలుగా దాస్తుంది. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు చానెళ్లు: లెక్క వేస్తే నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. 1990లలో వచ్చిన ఎంపీ3 పద్ధతి చెవికి అంతగా తెలియని వివరాలను వదిలేసి, దాన్ని నిమిషానికి సుమారు ఒక మెగాబైటుకు తగ్గించింది. అందుకే పది, పదిహేను పాటలు పట్టే సీడీలో వందకు పైగా పాటలు పట్టాయి. కానీ వదిలేసిన వివరం తిరిగి రాదు. ఫ్లాక్ పద్ధతి దీనికి భిన్నం. అందులో ఫైలు అంతగా తగ్గదు, కానీ ధ్వని పూర్తిగా మిగులుతుంది.

మీరు చేయదగినది

ఖాళీ లేనప్పుడు ముందుగా ఒకే పాటకు ఉన్న అదనపు నకళ్లను తీసేయండి. సినిమా పాట మీరు చెరిపినా మరెక్కడో ఉంటుంది. మీ నాయనమ్మ నాట్లు వేస్తూ పాడగా సెల్‌ఫోన్‌లో పట్టిన పాటకు ప్రపంచంలో అదొక్కటే ప్రతి కావచ్చు. దాన్ని కుదించకండి. హార్డ్ డిస్క్‌కు తరలించి, మరో చోట ఇంకో ప్రతి ఉంచండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే రాయండి. ఆ వివరాలు లేకపోతే, పాట మిగిలినా రేపటి పరిశోధకుడికి ఆధారంగా అంతగా పనికిరాదు.

సారాంశం

తరలించిన పాట నిలుస్తుంది, కుదించిన పాటలో కొంత పోతుంది, చెరిపిన పాట తిరిగి రాదు. గతం గురించి మనకు తెలిసినదంతా ఎవరో ఒకరు ఉంచుదామని నిర్ణయించడం వల్ల మిగిలిందే. ఇప్పుడు ఆ నిర్ణయం మీ చేతిలో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాత గ్రామఫోన్ రికార్డును ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?
2. మీ ఇంట్లో ఒకే ఒక్క ప్రతిగా ఉన్న రికార్డింగు ఏది? దాని వివరాలు ఐదు వాక్యాల్లో రాయండి.