శాదీ కార్డు ప్రింట్‌కు ఇచ్చే ముందు తెలుసుకోవాల్సిన డిజైన్ పదాలు

నికా తేదీ ఖాయం కాగానే ఇంట్లో మొదలయ్యే పనుల్లో కార్డు ఒకటి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో చేయించినా, మన ఊళ్లోని డీటీపీ సెంటర్‌లో చేయించినా ముందు కంప్యూటర్‌లో డిజైన్, తర్వాతే ప్రింట్. ఫోన్‌లో చూసినప్పుడు అంతా బాగానే ఉంటుంది. తీరా కార్డులు చేతికొచ్చాక బొమ్మ మసకగా, ఉర్దూ అక్షరాలు విడివిడిగా ఉంటే మళ్లీ డబ్బు పెట్టి వేయించాల్సిందే. డిజైనర్లు వాడే ఈ కొన్ని మాటలు తెలిస్తే ఆ ఖర్చు తప్పించుకోవచ్చు.

పిక్సెల్: డిజిటల్ బొమ్మలో అతి చిన్న రంగు చుక్క. ఇలాంటి లక్షల చుక్కలు కలిస్తేనే ఒక ఫొటో.

డీపీఐ: ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు పడతాయో చెప్పే లెక్క. కార్డు ప్రింట్‌కు సాధారణంగా 300 ఉండాలి. అంటే 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న కార్డుకు 1500 × 2100 పిక్సెళ్ల బొమ్మ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో క్వాలిటీ తగ్గిపోతుంది. అందుకే డాక్యుమెంట్‌గా పంపాలి.

రాస్టర్, వెక్టార్: పిక్సెళ్లతో తయారైనది రాస్టర్. ఫొటోలన్నీ ఇవే. పెద్దగా సాగదీస్తే మసకబారతాయి. గీతల లెక్కలతో తయారైనది వెక్టార్. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్‌లలో చేస్తారు. బిస్మిల్లా కాలిగ్రఫీ వెక్టార్‌లో ఉంటే చిన్న కార్డు మీదా, ఫంక్షన్ హాల్ ముందు ఫ్లెక్సీ మీదా అంతే స్పష్టంగా వస్తుంది.

ఆర్‌జీబీ, సీఎంవైకే: స్క్రీన్ మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో ఏర్పడతాయి. అది ఆర్‌జీబీ. ప్రెస్‌లో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు వాడతారు. అది సీఎంవైకే. ఫోన్‌లో మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద కాస్త డల్‌గా కనిపించేది ఇందుకే.

ఫాంట్: అక్షరాల రూపం. అను లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే పేర్లు పిచ్చి గుర్తుల్లా మారతాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, అక్షరాలు కలిసి నడిచే లిపి. దానికి సపోర్ట్ లేని సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే అక్షరాలు విడిపోతాయి, వరుస కూడా తిరగబడుతుంది. నస్తాలీఖ్ అక్షరాల కోసం చాలామంది ఇన్‌పేజ్ వాడతారు.

కర్వ్స్: అక్షరాలను బొమ్మలుగా మార్చడం. అప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. కానీ ఆ తర్వాత స్పెల్లింగ్ మార్చడం కుదరదు. అసలు ఫైల్ విడిగా దాచమని చెప్పండి.

బ్లీడ్: రంగును కార్డు అంచు దాటించి, సాధారణంగా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టడం. ఇది లేకపోతే కటింగ్‌లో తెల్లటి గీత మిగిలిపోవచ్చు.

జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్: ఫొటోలకు జేపీజీ చాలు. వెనుక రంగు లేని లోగోకు, కాలిగ్రఫీకి పీఎన్‌జీ మంచిది. ప్రెస్‌కు పంపడానికి పీడీఎఫ్ మేలు.

ప్రూఫ్: ప్రింట్‌కు ముందు చూపించే నమూనా. ఫోన్‌లో చూసి ఓకే అనకుండా కాగితం మీద తీయించండి. ఆపరేటర్‌కు ఉర్దూ రాకపోవచ్చు, మన పిల్లల్లోనూ చాలామందికి చదవడం రాదు. కాబట్టి ఉర్దూ భాగాన్ని ఇంట్లో చదవగలిగిన దాదీకో, నానాకో చూపించండి. పేర్లు, హిజ్రీ తేదీ, వారం, వలీమా టైమ్ వాళ్లు సరిచూశాకే కర్వ్స్ చేయించి ప్రింట్‌కు ఇవ్వండి.