రెండు టైపుల రహస్యలిపి

1623లో ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ ఒక రహస్యలిపిని వివరించినాడు. పైకి కనిపించే వాక్యం ఏదైనా కావచ్చును. దానిని కొద్దిపాటి తేడాగల రెండు రకాల టైపులతో కూర్చవలెను. ప్రతి ఐదు అక్షరాలలో ఒక రహస్యాక్షరం దాగును. ఐదూ మొదటి టైపులో ఉంటే ‘ఏ’. చివరిది మాత్రం రెండవ టైపులో ఉంటే ‘బి’. ఇట్టి కూర్పులు 32. నాటి 24 అక్షరాలకు చాలును. నేడు కంప్యూటరు కూర్పులో చిన్న ఆజ్ఞల వరుస, అనగా ‘మాక్రో’, ఈ పని క్షణంలో చేయగలదు.

విప్పుటలోనే చిక్కు ఉన్నది. షేక్‌స్పియర్ నాటకాల 1623 ముద్రణలో బేకన్ మాటలు దాగియున్నవని అమెరికాలో ఎలిజబెత్ గాలప్ వాదించినది. ఒకప్పుడు ఆమెకు తోడ్పడిన ఫ్రీడ్‌మన్ దంపతులే 1957లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చినారు. అరిగిన టైపు, పరచుకొన్న సిరా కలిగించిన తేడాలను ఆమె సంకేతాలనుకొన్నది. ఎవరు విప్పినా ఒకే మాట వచ్చినప్పుడే అది రహస్యలిపి!