రెండు సూదులు, ఒక దారం: అల్లిక ఆసుపత్రిలోకి వచ్చిన వైనం

"విశ్రాంతి తీసుకోండి" అన్నంత తేలికగా వైద్యుడు రోగికి చెప్పగలిగిన మాట మరొకటి లేదు. జ్వరానికీ, గుండెపోటుకూ, కాలు విరిగినప్పుడూ అది సరైన మాటే కావచ్చు. మనసు నలిగిన మనిషికి కూడా అదే మందని ఒక కాలంలో వైద్యలోకం గట్టిగా నమ్మింది. ఆ నమ్మకానికి పెద్ద దిక్కు ఫిలడెల్ఫియా నగరానికి చెందిన నరాల వైద్యుడు సైలాస్ వైర్ మిచెల్. అమెరికా అంతర్యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసి, తెగిపోయిన అవయవం ఇంకా ఉన్నట్టే నొప్పి పెట్టడాన్ని నిశితంగా వర్ణించిన గొప్ప వైద్యుడాయన. ఆయన ప్రతిభను శంకించనక్కరలేదు. అయితే "నరాల నిస్త్రాణ"తో వచ్చిన స్త్రీలకు ఆయన విధించిన చికిత్స వేరు: ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మంచం దిగకూడదు, ఇంటివారిని చూడకూడదు, పాలూ కొవ్వూ దండిగా తినాలి. తొలి రోజులలో చదవడం, రాయడం, చివరకు కుట్టుపని కూడా నిషిద్ధమే.

ప్రసవానంతరం తీవ్రమైన దిగులుకు లోనైన రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1887లో ఈ చికిత్స పొందారు. ఇక జన్మలో కలం, కుంచె, పెన్సిలు ముట్టవద్దని వైద్యుడు చెప్పి పంపారు. ఆ సలహా పాటించి తాను పిచ్చి అంచు దాకా వెళ్ళానని, పని చేయడం మొదలుపెట్టాకే కోలుకున్నానని ఆమె తరువాత రాశారు. 1892లో వెలువడిన "ది ఎల్లో వాల్‌పేపర్" కథ ఆ అనుభవం నుంచి పుట్టినదే. చేతికి పని లేని ఒక స్త్రీ గోడ కాగితం మీది గీతలను చూస్తూ చూస్తూ మతి కోల్పోవడం అందులోని ఇతివృత్తం. వైద్య విద్యార్థులు పాఠ్యపుస్తకాలతో పాటు ఈ చిన్న కథనూ చదివితే మంచిదని నా అభిప్రాయం.

ఇంత మాత్రం వైద్యానికి ముందే తెలియదా అంటే, తెలుసు. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో క్వేకర్ శాఖకు చెందిన విలియం ట్యూక్ 1796లో "రిట్రీట్" అనే మానసిక చికిత్సాలయాన్ని తెరిచారు. మతి చలించిన వారిని గొలుసులతో కట్టివేయడం సాధారణమైన ఆ రోజులలో అక్కడ స్త్రీలకు కుట్టుపని, అల్లిక, ఇంటిపనులు అప్పగించేవారు. ఆయన మనుమడు శామ్యూల్ ట్యూక్ 1813లో రాసిన గ్రంథంలో ఈ సంగతి ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో మరింత సూక్ష్మమైన మాట చెప్పారు. కాస్త సూదిపని, కాస్త రాత, కాస్త ఇల్లు సర్దుకోవడం వంటివి ఆరోగ్యవంతులకు తెలియకుండానే మనసు భారం దింపుతున్నాయనీ, రోగికి అవి చేసే వీలు లేకపోవడమే పెద్ద కష్టమనీ, చదవడం వాటికి సాటి రాదనీ ఆమె భావన. ఆమె నెలల తరబడి మంచం మీద గడిపినవారు. ఊహించి రాసిన మాట కాదది.

20వ శతాబ్ది మొదట్లో గాలి మళ్ళింది. మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్ అనే సముద్రతీర పట్టణంలో డాక్టర్ హెర్బర్ట్ హాల్ 1904 నుంచి విశ్రాంతికి బదులు నేత, కుండల తయారీ వంటి చేతిపనులు నేర్పి నరాల రోగులకు చికిత్స చేశారు. 1906లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇందుకు 1000 డాలర్లు మంజూరు చేసింది. సుసాన్ ట్రేసీ అనే నర్సు మంచం పట్టిన వారికి ఏయే పనులు ఎలా నేర్పాలో 1910లో పుస్తకమే రాశారు. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ గ్రామంలో, జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టు ఇంట్లో కొద్దిమంది సమావేశమై ఒక సంఘాన్ని స్థాపించారు. బార్టన్ స్వయంగా క్షయరోగి. కాలిలో కొంత భాగం తొలగించగా, శరీరంలో ఎడమ పక్క పడిపోగా, తోటపనితోనూ వడ్రంగంతోనూ తనను తాను నిలబెట్టుకున్న మనిషి. ఆ ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు "కన్సొలేషన్ హౌస్", అంటే ఓదార్పు ఇల్లు. నేడు మనం ఆక్యుపేషనల్ థెరపీ అంటున్న వైద్యశాఖ అమెరికాలో ఒక సంఘంగా రూపుదిద్దుకొన్నది అక్కడే.

అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నది. కందకాలలో రోజుల తరబడి చలినీటిలో నిలబడిన సైనికుల పాదాలు మొద్దుబారి, ఉబ్బి, కుళ్ళిపోయేవి. దీనికే "ట్రెంచ్ ఫుట్" అని పేరు. పాదాలు తుడిచి, నూనె రాసి, పొడి మేజోళ్ళు మార్చుకోవడమే నివారణ. కనుక ఇంగ్లండు, కెనడా, అమెరికా దేశాలలో ఇంటింటా మేజోళ్ళు అల్లడం దేశసేవ అయింది. బడిపిల్లలు, ముసలివారు, ఆసుపత్రి మంచాల మీద ఉన్న గాయపడిన సైనికులు కూడా అల్లారు. అల్లిన ప్రతి జత మరొకరి కాలును కాపాడే మందన్నమాట. కొడుకు రణరంగంలో ఉండగా తపాలా కోసం ఎదురుచూసే తల్లికి ఆ అల్లిక ఏ మేరకు ఊరట ఇచ్చిందో కొలిచే సాధనమేదీ లేదు.

ఇంతకూ అల్లికలో ఏముంది? పనితనం చూస్తే ఆశ్చర్యమనిపిస్తుంది. ఉన్నవి రెండే కుట్లు. ఒకటి లూపులోంచి దారాన్ని ముందుకు లాగేది, రెండవది వెనక్కు లాగేది. మేజోడైనా స్వెట్టరైనా ఈ రెండింటి కలయికే. ఈజిప్టులో దొరికిన 11–14 శతాబ్దాల నాటి నూలు మేజోళ్ళలోనూ ఇదే అల్లిక కనిపిస్తుంది. 1589లో విలియం లీ మేజోళ్ళ యంత్రం కనిపెట్టిన తరువాత కూడా చేతి అల్లిక చావలేదు. తప్పు జరిగితే విప్పి, అదే దారంతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రోగంతో కుంగిన మనిషికి ఈ సౌలభ్యం చిన్నది కాదు.

హార్వర్డ్ హృద్రోగ నిపుణుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన గ్రంథంలో ఒక మాటనో కదలికనో మళ్ళీ మళ్ళీ చేస్తూ, అడ్డువచ్చిన ఆలోచనలను పట్టించుకోకుండా ఉంటే గుండె వేగం, శ్వాస నెమ్మదిస్తాయని వివరించారు. మన జపమాలలో ఉన్నదీ ఆ సూత్రమే. అల్లికను కూడా ఇటువంటి కదలికగా భావించవచ్చు. 2013లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో వచ్చిన సర్వేలో వివిధ దేశాలకు చెందిన 3545 మంది అల్లికదారులు పాల్గొన్నారు. తరచుగా అల్లేవారు తమకు ప్రశాంతంగా, సంతోషంగా ఉంటుందని ఎక్కువగా చెప్పారు. అయితే అల్లిక ఇష్టమున్నవారినే అడిగితే ఇష్టమనే చెబుతారు కదా! 2011లో మేయో క్లినిక్ పరిశోధకులు 70 నుంచి 89 ఏళ్ళ వయసు గల 1321 మందిని పరిశీలించగా, చేతిపనులు చేసేవారిలో స్వల్ప జ్ఞాపకలోపం తక్కువగా కనిపించింది. చేతిపని మతిమరుపును ఆపిందో, మతిమరుపు మొదలైనవారే చేతిపని మానేశారో ఆ అధ్యయనం తేల్చలేదు. "అల్లితే అల్జీమర్స్ రాదు" అని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మవద్దని పాఠకులకు మనవి.

ఊరట ఒక ఎత్తు, సృజన మరొక ఎత్తు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) అచ్చు నమూనాలను గుడ్డిగా అనుసరించవద్దని, కొలతలు తీసుకొని లెక్క మీరే కట్టుకోండని గృహిణులకు టెలివిజన్‌లోనూ పుస్తకాలలోనూ నేర్పారు. 1968లో ఆమె రూపొందించిన పసిబిడ్డ చొక్కా అల్లుతున్నంతసేపూ ఏమిటో తెలియని వంకర గుడ్డలా ఉంటుంది. పూర్తయ్యాక రెండు మడతలు వేసి భుజాల దగ్గర కుడితే చొక్కా ప్రత్యక్షమవుతుంది. తాను కొత్తగా కనిపెట్టినదేమీ లేదని, ఎవరో ఎప్పుడో ఎరిగినదే తనకు మళ్ళీ దొరికిందని ఆమె వినయంగా చెప్పేవారు.

మన దేశానికి ఈ చికిత్స 1950లో శాస్త్రీయంగా వచ్చింది. అమెరికాలో ఎలిజబెత్ లుండీగా పుట్టి, భారతీయుని పెళ్ళాడి కమలా నింబ్కర్ అయిన మహిళ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణాలయాన్ని నెలకొల్పారు. చాలా జిల్లా ఆసుపత్రులకు అది చేరనే లేదు. నా సర్వీసులో నేను చూసిన వార్డులలో రోగులకు సీలింగు ఫ్యానును చూడటమే పని.

తెలుగునాట అల్లిక అనగానే నరసాపురం లేసు గుర్తుకు వస్తుంది. అది రెండు సూదుల పని కాదు, ఒకే కొక్కెం సూదితో చేసే క్రోషే. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చింది. దీన్ని ఇక్కడ తలచడానికి కారణముంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో ఆ స్త్రీలు ఇంటిపని ముగించుకొని రోజుకు గంటల తరబడి లేసు అల్లుతున్నా, వారిని "ఖాళీ సమయం గడుపుకునే గృహిణులు"గానే లెక్కగట్టి, కనీస వేతనంలో చిన్న భాగం చెల్లిస్తున్నారని చూపారు. ఇంగ్లండులో ఒక స్త్రీకి సాయంకాలపు ఊరటైన సూది, ఇక్కడ మరొక స్త్రీ కళ్ళనూ వేళ్ళనూ అరగదీసింది. చేసే పని ఒకటే. ఆపాలనుకున్నప్పుడు ఆపగలగడం, ఆపలేకపోవడం, తేడా అంతా అక్కడుంది. యార్క్‌లో రోగులకు అల్లిక ఇచ్చిన ట్యూక్ గారిని మెచ్చుకుంటూనే, తరువాతి కాలపు మానసిక చికిత్సాలయాలలో అదే పని జీతం లేని చాకిరీగా మారిందన్న నిజాన్నీ చెప్పుకోవాలి.

భర్త పోయిన తరువాత నిద్ర పట్టక నా దగ్గరకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు నిద్రమాత్రలు అడిగారు. కొద్దిరోజులకు ఇచ్చి, "అమ్మా, మీకు చేతిపని ఏదైనా వచ్చా?" అన్నాను. "హాస్టల్లో చదివేటప్పుడు స్వెట్టర్ అల్లడం నేర్చుకున్నాను డాక్టరు గారూ. ఈ ఎండల్లో స్వెట్టర్ ఎవరికి?" అన్నారామె. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు తల భాగం పెద్దది కావడం వల్ల ఒంటి వేడి త్వరగా పోతుందని, మే నెలలో కూడా వారికి టోపీ కావాలని చెప్పాను. మూడు వారాల తరువాత ఆమె సంచితో వచ్చారు. అందులో పదకొండు టోపీలు, అన్నీ మెత్తటి నూలు దారంతో అల్లినవి, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. మాత్రలు అప్పుడే మానేశారని చెప్పను. సగానికి తగ్గించడానికి మరో రెండు నెలలు పట్టింది. కంగారూ పద్ధతిలో తల్లి ఎదకు ఆనించి ఉంచిన బిడ్డలకు ఆ టోపీలు తొడిగాం.

మొదలుపెట్టదలచిన వారికి కొన్ని మాటలు. మన వాతావరణానికి ఊలు కన్నా నూలు దారం మేలు. కీళ్ళవాతం ఉన్నవారికి ఇనుప సూదుల కంటే తేలికైన, కాస్త లావైన వెదురు సూదులు సుఖం. అరగంటకోసారి ఆపి వేళ్ళు చాచాలి, మెడ తిప్పాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే మణికట్టులో నరం నలుగుతున్నదని అనుమానించి వైద్యునికి చూపించుకోవాలి; బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే కొన్నాళ్ళు సూదులు పక్కన పెట్టాలి. పసిపిల్లల టోపీలకు పూసలు, గుండీలు, పొడవాటి తాళ్ళు కుట్టకండి.