పుట్టుకే నేరమైన చట్టం: విముక్త జాతుల చరిత్రలో మన యువత తెలుసుకోవలసినది

ఆగస్టు 15 అంటే ఏమిటో మన పిల్లలందరికీ తెలుసు. ఆగస్టు 31 అంటే ఏమిటని అడిగితే చెప్పగలిగేవాళ్లు తండాల్లో, ఎరుకల వాడల్లో కొద్దిమందే ఉంటారు. దేశానికి స్వాతంత్ర్యం 1947లో వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది మాత్రం 1952 ఆగస్టు 31న. అందుకే ఆ రోజును విముక్త జాతులు విముక్తి దినంగా జరుపుకుంటాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 127 జాతులు, సుమారు కోటీ ముప్పై లక్షల మంది ఈ చట్టం నీడలో ఉన్నారని అంచనా.

ఈ చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనుక ఉన్న వాదన. ఒక తెగను ప్రభుత్వం నేరస్థ తెగగా ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు. ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడని రుజువు చేయాల్సిన పని లేదు. ఆ తెగలో పుట్టడమే రుజువు.

మనవాళ్లు ఈ జాబితాలోకి ఎలా వచ్చారో తెలియాలంటే వాళ్ల పాత బతుకుదెరువు తెలియాలి. లంబాడాలు ఎద్దుల బిడారుల మీద ధాన్యం, ఉప్పు మోసుకెళ్లి అమ్మేవారు. దక్కన్‌కు వచ్చిన మొగల్ సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వాళ్లే. ఎరుకలవారు తీరప్రాంతం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మారకం వేసేవారు. బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. బ్రిటిష్ వారి ఉప్పు విధానం, రైలు మార్గాలు ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వచ్చి పశువుల మేతకూ, వెదురుకూ అడ్డం పడ్డాయి. 1876-78 నాటి కరువు మిగిలిన కాస్తా ఊడ్చేసింది. ఊరూరా తిరిగి బతికే మనిషికి తిరగడానికి కారణం లేకుండా చేసి, తర్వాత ఎందుకు తిరుగుతున్నావని అడిగారు. ఆ కాలంలో కొందరు దొంగతనాలు చేసిన మాట నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ కొందరు చేసిన పనికి మొత్తం జాతి పేరు రాసి పెట్టడం న్యాయం కాదు.

మన సిద్దిపేట అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. బ్రిటిష్ చట్టం ఇక్కడ నేరుగా అమలు కాలేదు. అయినా నిజాం ప్రభుత్వం కూడా అదే దారి పట్టి లంబాడాలను నేరస్థ తెగగా చూసి నిఘాలో పెట్టింది. ఆచార్య భంగ్యా భుక్యా నిజాంల పాలనలో లంబాడాల చరిత్ర మీద రాసిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ చదివే పిల్లలు తప్పకుండా చదవాలి.

మద్రాసు రాష్ట్రంలోకి ఈ చట్టం 1911 సవరణతో వచ్చింది. వేలిముద్రలు తీసుకోవడం, జనాన్ని సెటిల్‌మెంట్లలో ఉంచడం అక్కడ అప్పుడే మొదలయ్యాయి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటిదే. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప కూడా ఇలాంటి సెటిల్‌మెంట్లే. జైలు గోడ కనిపించదు, కానీ హాజరు తప్పదు. స్టువర్టుపురం వాసులు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయేవారు. వాళ్లను సంస్కరిస్తున్నామని చెబుతూనే వాళ్ల శ్రమను చవకగా వాడుకున్నారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. నేను ఇప్పుడు హాస్టల్ వార్డెన్‌ని. మా హాస్టల్‌కు అమ్మానాన్నలు తమ ఇష్టంతో పిల్లలను తెచ్చి చేరుస్తారు, పండుగకు తీసుకుపోతారు. అప్పటి తల్లికి ఆ ఇష్టమూ లేదు, పండుగా లేదు.

మళ్లీ నేరం చేసినవారి విషయంలో ఆ చట్టం ఇంకా కఠినంగా ఉండేది. ప్రకటించిన తెగకు చెందినవాడు కొన్ని రకాల నేరాల్లో రెండోసారి దోషి అయితే కనీసం ఏడేళ్ల శిక్ష. మూడోసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. అదే నేరం చేసిన ఇతర కులాల వారికి ఈ లెక్క లేదు. జైలు నుంచి వచ్చినవాడికి పని ఇచ్చేవారు లేరు, ఊరు దాటనిచ్చేవారు లేరు. మళ్లీ తప్పు చేయడానికి దారులన్నీ తెరిచి పెట్టి, చేసినప్పుడు రక్తంలోనే ఉందన్నారు.

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని రద్దు చేసింది. కేంద్రం 1949లో అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫారసుతో 1952లో దేశమంతటా రద్దు జరిగింది. యానాదుల కోసం జీవితాంతం పనిచేసిన నెల్లూరు జిల్లావాసి వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి పట్టుదలను ఇక్కడ తలచుకోవాలి.

కానీ ముద్ర అంత తొందరగా పోలేదు. మద్రాసులో 1948లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద ఇవి జాతికి కాదు, పలుమార్లు శిక్షపడిన వ్యక్తికి వర్తిస్తాయి. ఆచరణలో పాత రిజిస్టరు అలవాటే కొత్త హిస్టరీ షీట్లలోకి నడిచివచ్చింది. ఎక్కడో దొంగతనం జరిగితే ముందు జీపు వచ్చేది మన వాడకే. ఇటు నేరస్థులని ముద్ర వేయడానికి ఆలస్యం చేయని రాజ్యం, తెలంగాణ ప్రాంతపు లంబాడాలను, ఎరుకలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చడానికి మాత్రం 1976 చట్టం దాకా ఆగింది.

మారే అవకాశం ఇస్తే మనిషి మారతాడని చూపించినవారూ ఉన్నారు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం 1970ల నుంచి స్టువర్టుపురం, కప్పరాళ్లతిప్పల్లో 'సంస్కార్' సంస్థ ద్వారా పనిచేశారు. నేరం మానుకున్నవారికి ఉపాధి, పిల్లలకు చదువు, పోలీసులతో మాట్లాడి పెట్టడం వాళ్ల పద్ధతి. మన తెలంగాణ జైళ్లలో కూడా చదువు చెప్పే 'విద్యాదానం', మనసు మార్చుకునేందుకు తోడ్పడే 'ఉన్నతి' కార్యక్రమాలు వచ్చాయి. జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో శిక్ష ముగిసినవారికీ పని దొరికింది. చేతిలో పని, ఇంట్లో గౌరవం ఉన్నవాడు మళ్లీ జైలు గేటు వైపు వెళ్లడం కష్టం.

జైళ్లలో మిగిలిపోయిన పాత రాతను సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న కొట్టివేసింది. సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసు అది. మధ్యప్రదేశ్ 1987 జైలు నియమావళిలో, విముక్త జాతికి చెందిన ఎవరినైనా ప్రభుత్వ విచక్షణ మేరకు అలవాటు నేరస్థుడిగా చూడవచ్చని రాసి ఉంది. ఇలాంటి నియమాలు, కులాన్ని బట్టి జైల్లో పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతుల వారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు గుర్తుచేసింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు వచ్చిన తీర్పు ఇది.

ఈ కథలో బాధితుల మాట మరచిపోకూడదు. దొంగతనం జరిగిన ఇంటివారు బాధితులే. వాళ్లకు దక్కాల్సింది పోయిన సొమ్ము, అసలు దొంగ. జాబితా చూసి తండా కుర్రవాడిని పట్టుకుపోతే అసలు దొంగ హాయిగా ఉంటాడు, సొత్తు దొరకదు, రేపు ఇంకో ఇల్లు దోపిడీ అవుతుంది. అంటే కులాన్ని చూసి చేసే దర్యాప్తు రెండు ఇళ్లకు అన్యాయం చేస్తుంది. తప్పుడు కేసులో ఇరుక్కున్నవాడూ బాధితుడే. 1998లో పశ్చిమ బెంగాల్‌లో ఖేరియా శబర తెగకు చెందిన బుధన్ శబర్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. మహాశ్వేతాదేవి వంటివారు పోరాడితే కలకత్తా హైకోర్టు ఆయన భార్యకు పరిహారం ఇప్పించింది. ఆ విషాదం నుంచే విముక్త జాతుల హక్కుల ఉద్యమం దేశమంతా కదిలింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న చట్టాలు మన తాతలకు లేవు. పిల్లలూ, వీటిని పరీక్ష కోసం కాదు, ఇంటి కోసం గుర్తుపెట్టుకోండి. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోని మాట. ఇంటివారికి కబురు చెప్పాలి. షెడ్యూల్డ్ తెగల వారికి, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఎస్టీ వ్యక్తి మీద ఎస్సీ, ఎస్టీలు కాని వారు తప్పుడు కేసు పెట్టడం ఆ చట్టం కింద నేరమే. బాధితులకు, సాక్షులకు రక్షణ, కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకునే హక్కు 2015 సవరణతో కలిగాయి. ఆ ఫిర్యాదులకు సహాయ నంబరు 14566. నేరం వల్ల నష్టపోయిన ఏ కులం వారైనా 2015 తెలంగాణ బాధితుల పరిహార పథకం కింద అర్జీ పెట్టుకోవచ్చు. నిందితుడు దొరకకపోయినా ఆ హక్కు పోదు.

ఇంకో మాట పెద్దపిల్లలకు. మనలో ఎవరైనా తప్పు చేస్తే కులాభిమానంతో వెనకేసుకు రావద్దు. తప్పు చేసినవాడికి చట్టం ప్రకారం శిక్ష పడాలి, శిక్ష ముగిశాక మళ్లీ బతకడానికి చోటు ఉండాలి. ఇతర కులాల వారికి వర్తించే ఈ మామూలు న్యాయమే మనకూ వర్తించాలని మన పెద్దలు కోరింది.

అప్పటి హాజరు రోజులను చూసిన, విన్న ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. హుస్నాబాద్, అక్కన్నపేట వైపు తండాల్లో, ఊరి చివరి ఎరుకల వాడల్లో కూర్చుని వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. పోలీసు రిజిస్టర్లలో మన పేర్లు రాసినవాళ్లు మన కథ రాయలేదు. ఆ పని మీది.